జామ్ కలిపిన గరిటెలకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

రెండో ప్రపంచయుద్ధం మీద మీరు వేస్తున్న ఆదివారం వ్యాసాలు ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను. బాగున్నాయి. కానీ విమానాలు, ట్యాంకులు, చర్చిల్ చుట్ట తప్ప ఆడవాళ్ల ఊసే లేదు. ఒక నర్సు ఫొటో వేశారు, అంతే.

1940 వేసవిలో బ్రిటన్ ఆకాశంలో విమానాలు కొట్టుకుంటుంటే, కింద పల్లెల్లో ఉమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆడవాళ్ల సంఘం సభ్యులు జామ్ చేయడానికి ఊరి హాళ్లలో పొయ్యిలు వెలిగించారు. సరుకుల ఓడల్ని జర్మన్ జలాంతర్గాములు ముంచేస్తున్నాయి. ఆ జనవరి నుంచే పంచదారకు రేషన్. తోటల్లో, కంచెల వెంట పండ్లు మాత్రం రాలి పాడవుతున్నాయి. ప్రభుత్వం పంచదార ఇచ్చింది, చాకిరీ వీళ్లది. డబ్బాలకు మూతలు బిగించే చేతిమిషన్లు అమెరికా నుంచి వచ్చాయి. 1945 దాకా 5,300 టన్నులకు పైగా పండ్లు నిల్వ చేశారు.

ఉడకబెట్టడమేగా అనేవాళ్లు ఒకసారి పొయ్యి దగ్గర నిలబడి చూడాలి. చల్లటి పళ్లెంలో చుక్క వేసి, ఆరాక వేలితో నెడితే పైన ముడత పడాలి. అరిసెల పాకం మనం నీళ్లలో వేసి చూసుకోమూ, అలాగే. తొందరపడి దించితే నీళ్లనీళ్లగా ఉంటుంది, ఆలస్యమైతే అడుగంటుతుంది. అదీ ఇంటికి సరిపడా గిన్నెడు కాదు, ఊళ్ల కోసం.

నాకు గుచ్చుకున్నది వేరే. 1941లో జామ్ కూడా రేషన్‌లోకి వచ్చాక వీళ్లు చేసిన సీసాలు దుకాణాలకు పోయేవి. రోజంతా కలియబెట్టిన మనిషి కూడా అందరిలాగే కూపన్ ఇచ్చి కొనుక్కోవాల్సిందే. జీతం ఎలాగూ లేదు. స్వచ్ఛంద సేవ అని పేరు పెట్టేస్తే లెక్క రాయక్కర్లేదనుకుంటా!

అదే ప్రభుత్వం ఏలుబడిలో 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో పోయారు. ఆ కోపం నాకూ ఉంది. అయితే అది లండన్ ఆఫీసుల్లో నిర్ణయాలు చేసినవాళ్ల మీద. ప్లమ్ పండ్ల గింజలు తీస్తూ కూర్చున్న పల్లెటూరి ఆడవాళ్ల మీద కాదు.

వచ్చే వారం మందుగుండు ఫ్యాక్టరీల గురించి అన్నారు. ఆ పేజీలోనే వీళ్లకూ అర కాలమ్ ఇవ్వండి. ఉమెన్స్ ఇన్‌స్టిట్యూట్‌నూ, పొలాల్లో పనిచేసిన ఆడవాళ్ల దళాన్నీ రెండింటినీ నడిపిన లేడీ డెన్మన్ పేరైనా రాయండి. ఫొటో దొరక్కపోతే గరిటె బొమ్మ వేసినా సరే.

— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం