పరీక్షల కాలంలో ఆట తగ్గించండి, మాన్పించకండి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్న ఈ రోజుల్లో నా బల్ల మీదికి ఒకే రకం ఉత్తరాలు చేరుతున్నాయి. అబ్బాయిని ఉదయం వాలీబాల్‌కు పిలవవద్దని, అమ్మాయిని పరీక్షలయ్యేదాకా కబడ్డీ జట్టు నుంచి తప్పించమని మీరు కోరుతున్నారు. ఆ ఆందోళన నాకూ తెలుసు. నిరుడు జనవరి నుంచే పదో తరగతి ఆటల పీరియడ్‌ను గణితానికి ఇచ్చేసింది నేనే. ఫిబ్రవరి నాటికి మధ్యాహ్నం స్టడీ అవర్‌లో తలలు బల్లల మీద వాలిపోవడం, తలనొప్పంటూ నా గదికి వచ్చే పిల్లలు ఎక్కువవడం చూశాక తొందరపడ్డానని ఒప్పుకోక తప్పలేదు. అందుకే ఈ ఏడు ఆ పీరియడ్‌ను తీసేయకుండా కుదించాము.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ప్రీ ఫైనల్ పరీక్షల వారంలో ఆ గంట దొరకదు. గంట దొరకలేదు కాబట్టి ఆ రోజుకు అసలే వద్దనుకుంటాము, అలా పది రోజులు గడిచేసరికి పిల్లలకు మైదానం కొత్తచోటు అయిపోతుంది.

నిజానికి దమ్ము సంపాదించడానికి పట్టినంత శ్రమ దాన్ని నిలుపుకోవడానికి పట్టదు. 1980ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో హిక్సన్ అనే పరిశోధకుడి బృందం, పది వారాలపాటు వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాలు సాధన చేసిన పెద్దలను పరిశీలించింది. ఆ తర్వాత 15 వారాలపాటు సాధనను కొందరికి వారానికి రెండు రోజులకు, మరికొందరికి రోజుకు 13 నిమిషాలకు తగ్గించినా, తీవ్రతను తగ్గించనంతవరకు వారి శరీరం గరిష్ఠంగా ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం దాదాపు అలాగే నిలిచింది. ఆ లెక్కలు మన పిల్లలకు యథాతథంగా సరిపోతాయని నేను అనను. కొంచెమైనా చేయడానికీ, పూర్తిగా మానేయడానికీ ఎంత తేడా ఉందో మాత్రం అవి చూపిస్తాయి.

కాబట్టి సమయం తగ్గించండి, వేళ మార్చకండి. ఆరింటికి బూట్లు వేసుకుని మైదానానికి వచ్చే పిల్లలు అదే ఆరింటికి, అవే బూట్లతో వచ్చి, పావుగంట స్కిప్పింగో రెండు రౌండ్ల పరుగో ముగించుకుని వెళ్లవచ్చు. "సాయంత్రం వీలైతే చూద్దాం" అన్న మాటతోనే అలవాటు తప్పుతుంది. పైగా మార్చి ఎండలు సాయంత్రం ఐదింటికీ చల్లబడవు. అయితే రాత్రి ఐదు గంటలే నిద్రపోయిన పిల్లలను పరుగెత్తించవద్దు. ఈ వయసువారికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, అది లేని రోజున వీధి చివరిదాకా నడిచి వచ్చినా చాలు. మార్కులు తగ్గితే ఆట బంద్ అని బెదిరించడం మాత్రం దయచేసి మానండి.

ఈ సోమవారం నుంచి పరీక్షలు ముగిసేదాకా మైదానం గేటు ఉదయం ఆరు గంటలకు తెరిచి ఉంటుంది. పీఈటీ సారు పదో తరగతి వారిని 6:20కల్లా పంపించేస్తారు. పరీక్షలున్న రోజుల్లో ఎవరూ రానక్కర్లేదు. చివరి పరీక్ష అయిన మరునాడే పాత గంటకు మళ్లీ దూకనివ్వకుండా, మొదటి వారం అరగంటతో సరిపెట్టమని ఆయనకు చెప్పాను. నీళ్ల సీసా ఇచ్చి పంపడం మరువకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు