శ్రీకి క్రావడి ఊడిన జెండా: జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మన శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పేరు జెండాల మీద, బ్యానర్ల మీద ఎలా రాయాలో ఒక్క నమూనా ఇప్పించమని సోమవారం గ్రీవెన్స్‌లో ఎన్ని అర్జీలు పెట్టినా 'పరిశీలనలో ఉంది' అన్న మాటే వస్తోంది. పన్నెండు అక్షరాల్ని పరిశీలించడానికి ఎన్ని సోమవారాలు కావాలో తమరే సెలవియ్యాలి.

అవును, పన్నెండే. శ్రీ, పొ, ట్టి, శ్రీ, రా, ము, లు, నె, ల్లూ, రు, జి, ల్లా. అందులో ఐదింటికి వత్తులున్నాయి. పెరేడ్ జెండాలకు, శకటాల బట్టకు ముందు పోయేవి అవే. ఇంగ్లీషు అక్షరాల కొలతతో కింద అంచు వదులుతారు. మడత కుట్టు పడేసరికి ల వత్తు లోపలికి పోయి 'నెలూరు' మిగులుతుంది. అక్షరం ఆరంగుళాలుంటే, మడత కాక, కింద మూడంగుళాలైనా ఖాళీ ఉండాలి. బట్ట రెండు వైపులా కనబడేదైతే అక్షరాలు రెండు పొరల మీద వేసి, మధ్యలో మందపు గుడ్డ పెట్టాలి. లేకపోతే వెనకనుంచి చూసేవాళ్ళకు పేరు తిరగబడి కనిపిస్తుంది.

ఇక శ్రీ సంగతి. మనకది ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు (ఫోన్లలో, నెట్‌లో వాడేది) అతికిస్తే అవి కలవవు. క్రావడి ఒక చోట, శ ఒక చోట. గుండ్రని ముద్రలో వంపు తిప్పితే ఇంకా ఘోరం. అందుకే డీటీపీ వాళ్ళు 'అను' అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు వదలరు. ఆ ఫాంటు లేని సిస్టంలో ఆ ఫైలు తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు గీతలు. అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మ గీతలుగా, మార్చి పంపితే ఈ బాధ ఉండదు. కానీ పండగ ముందు రాత్రి వాట్సాప్‌లో వర్డ్ ఫైలే వస్తుంది.

జెండా మీద పేరు రాసే తిప్పలు మనకే కాదు. సోవియట్ అజర్‌బైజాన్, ఉజ్బెకిస్తాన్‌లలో 1920ల చివర అరబిక్ లిపి పోయి లాటిన్ వచ్చింది, 1940కి సిరిలిక్ వచ్చింది. జెండా మీది పేరూ లిపితోపాటు మారింది. 1936 సోవియట్ రాజ్యాంగం ఆ రిపబ్లిక్కుల పేర్లలోని 'సోషలిస్టు సోవియట్'ను 'సోవియట్ సోషలిస్టు' చేస్తే, ఆ మాటల వరస కోసమూ మార్చారు. చివరికి 1950ల మొదట్లో పట్టీల జెండాలు తెచ్చి అక్షరాలే తీసేశారు. మనకు లిపి మారలేదు. 2008లో పేరు ఒక్కటే మారింది. అదీ కుదురుగా రాయించలేమా?

పొడవెక్కువని 'ఎస్పీఎస్ఆర్ నెల్లూరు' అని కానిచ్చేస్తున్నారు. ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారంగా ఉండి, 1952 డిసెంబరు 15న కన్నుమూసిన మనిషిని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు చేసి, వాటిని మళ్ళీ తెలుగులో రాస్తున్నాం! పక్కన 1970లో ఒంగోలు జిల్లాగా పుట్టి 1972లో పేరు మారిన ప్రకాశం వాళ్ళు ఐదక్షరాలతో బయటపడ్డారు, అదృష్టవంతులు.

కొన్నిచోట్ల ఊరి పేరు త్రివర్ణ పతాకం మీదే రాసేస్తున్నారు. 2002 ఫ్లాగ్ కోడ్ ప్రకారం దాని మీద ఏ అక్షరమూ ఉండకూడదని ఆఫీసుల్లో తెలియదా?

తమరిని అడిగేది నిధులు కాదు. పూర్తి పేరు రెండు వరుసల్లో, 'శ్రీ పొట్టి శ్రీరాములు' పైన, 'నెల్లూరు జిల్లా' కింద, కర్వ్స్ చేసిన ఒక్క ఫైలు. అది జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టించండి. దయచేసి పెట్టించండి, ఈసారి ఆగస్టు 15 లోపల.

ఇట్లు,
నెల్లూరు జిల్లా అక్షరాల పనివాళ్ళు