తిన్నెలు చూసి వెనక్కి తిరగకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కాలిఫోర్నియాలోని ఎడారి పార్కు డెత్ వ్యాలీ గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ అక్కడి మెస్కీట్ ఫ్లాట్ ఇసుక తిన్నెల మీద సూర్యాస్తమయం చూస్తే పార్కు చూసేసినట్టేనని రాశారు, అదే నచ్చలేదు. భూగోళం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

పోయిన జనవరిలో మా అమ్మాయి, అల్లుడు నన్ను అక్కడికి తీసుకెళ్లారు. తిన్నెల్లో అన్నిటికన్నా పెద్దది సుమారు 100 అడుగుల ఎత్తు. గాలి ఒకే దిక్కు నుంచి వీచినచోట నెలవంకలా, దిక్కులు మారుతూ వీచినచోట నక్షత్రంలా ఇసుక పేరుకుంటుంది. చుట్టూ కొండలు అడ్డం ఉండబట్టి అది ఎటూ పోదు. తిన్నెల మధ్య పల్లాల్లో పాత చెరువు అడుగు బీటలు వారి కనిపిస్తుంది. ఫొటోల హడావుడిలో దాన్ని తొక్కుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ.

అంత ఇసుక ఎక్కడిది? చాలావరకు వాయవ్యంలోని కాటన్‌వుడ్ కొండలదే అంటారు. కొండ ఎలా అరుగుతుందో చూడాలంటే మాత్రం దగ్గర్లోనే ఉన్న మొజాయిక్ కాన్యన్ అనే ఇరుకు లోయకి వెళ్లాలి. స్టోవ్‌పైప్ వెల్స్ అనే చిన్న మజిలీ దాటగానే రెండు మైళ్ల పైచిలుకు కంకర రోడ్డు, అంతే. లోపల దారి ఇరుకు. వరద నీళ్లు పాలరాయి గోడల్ని ఎంత నున్నగా అరగదీశాయంటే, చెయ్యి ఆనిస్తే జారిపోయింది. నాలుగడుగులు వేస్తే అదే గోడలో రకరకాల రాతి పెంకులు అతుక్కుని పాత ఇళ్ల మొజాయిక్ గచ్చులా ఉన్నాయి. వాటి అంచులు ఇంకా కోసుగానే ఉన్నాయి. నీళ్లలో చాలా దూరం దొర్లి వచ్చిన రాయైతే గుండ్రబడేది. ఇవి పక్కనే విరిగి, అక్కడే అతుక్కున్నాయన్నమాట.

ఏడాదికి రెండంగుళాల వాన పడే చోట ఇంత పని చేసింది నీళ్లే. 2023 ఆగస్టులో ఒక్కరోజే అంతకు మించి కురిసి, రోడ్లు కొట్టుకుపోయి పార్కునే మూసేశారు. మబ్బు పడితే కాన్యన్‌లోకి వెళ్లకూడదన్న ముక్క మీ వ్యాసంలో లేదు.

ఎండ సంగతీ లేదు. 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైన చోటది. పిల్లల్ని చూడ్డానికి మన పెద్దవాళ్లు అమెరికా వెళ్లేది ఎక్కువగా ఎండాకాలంలోనే. అప్పుడు పొద్దున పది దాటాక నడవొద్దని పార్కువాళ్లే చెబుతారు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. వచ్చే ఆదివారం ఈ జాగ్రత్తలైనా ఒక చిన్న బాక్సు కట్టి వేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు