వార్షిక నివేదిక 2024–25: ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్ర పూర్వ విద్యార్థులు, హైదరాబాదు

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, మిత్రులకు, వారి కుటుంబ సభ్యులకు నమస్కారాలు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగిన పనుల వివరాలను నియమావళి ప్రకారం మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఎందుకు ఏర్పడిందో మీకు తెలియనిది కాదు కనుక నేరుగా విషయానికి వస్తాను.

ఈ సంవత్సరం కార్యవర్గం ఎక్కువ సమయం వెచ్చించిన పని సభ్యుల విశేషాల సంచిక. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఉద్యోగం చేస్తున్నారా, విరమించారా, పిల్లలు ఏం చేస్తున్నారు, కొత్తగా ఏమైనా రాశారా, గీశారా, పాడారా అని అడుగుతూ ఆగస్టులోనే సభ్యులందరికీ ఒక పత్రం పంపాము. దసరాకు అచ్చు కావలసిన సంచిక సంక్రాంతి ముందు వరకు కదలలేదు. ప్రతి ఉదయం పూలగుత్తి బొమ్మతో శుభోదయం చెప్పడానికి తీరిక ఉన్న మిత్రులకు ఒక్క పుట నింపడానికి తీరిక చిక్కలేదంటే కార్యదర్శిగా నేను ఏమనుకోవాలో మీరే చెప్పాలి. పంపినవారిలో కూడా చాలామంది ఫలానా హోదాలో పదవీ విరమణ, ఇద్దరు పిల్లలు, ఇద్దరూ అమెరికా అని మూడు ముక్కల్లో ముగించారు. పదోన్నతుల తేదీలు సర్వీసు రిజిస్టరులో ఎలాగూ ఉంటాయి. వాటి కోసం సంచిక అచ్చు వేయనక్కరలేదని కార్యవర్గం అభిప్రాయపడి, ఉద్యోగ కాలంలో ఎక్కువ రోజులు గడిపిన క్యాంపు ఏది, ఆ రోజుల్లో ఇల్లు ఎవరు చూసుకున్నారు అన్న రెండు ప్రశ్నలు మాత్రమే రాసి మరల పంపింది. ఈసారి సమాధానాలు సభ్యుల కంటే ముందు వారి ఇంటివారి నుంచి వచ్చాయి.

మనలో దేశపు శిలలను, ఖనిజాలను సర్వే చేసే కేంద్ర సంస్థ జియలాజికల్ సర్వేలో పనిచేసినవారందరికీ ఫీల్డు సీజన్ అంటే ఏమిటో తెలుసు. నవంబరులో నేల ఎత్తుపల్లాలు చూపే టోపోషీట్లు, సుత్తి, రాతి పొరల వాలు కొలిచే బ్రంటన్ కంపాసు, గుడారాలు జీపులో వేసుకుని వెళితే ఏప్రిల్ ఎండలు ముదిరేవరకు ఇంటి ముఖం చూసేది లేదు. ఆ ఆరు నెలలు ఇంటిలో ఏం జరిగిందో మన నివేదికలలో ఇంతవరకు ఎన్నడూ రాలేదు. భర్త బస్తరు అడవులలో మ్యాపింగు చేస్తున్నప్పుడు తనకు తొలి కాన్పు అయిందని, పుట్టింటివారు ఇచ్చిన టెలిగ్రాం క్యాంపుకు చేరేసరికి ఇక్కడ పురుడు కూడా అయిపోయిందని ఒక సోదరి రాశారు. బదిలీ వచ్చినప్పుడల్లా సామాను ఎత్తే హమాలీలు గోనెసంచుల బరువు చూసి ఇందులో ఏముందమ్మా అని అడిగితే, రాళ్లు అని చెప్పడానికి సిగ్గుపడి, ఏవో ఇనుప సామాన్లని చెప్పేదానినని మరొకరు రాశారు. ఆ రాళ్లు నేటికీ వారి పెరటిలో ఉన్నాయట. నాన్న అంటే వేసవి సెలవులలో గడ్డంతో వచ్చే ఒక కొత్త మనిషి అనుకునేవాళ్లమని ఇప్పుడు వైద్యురాలిగా ఉన్న ఒక సభ్యుని కుమార్తె రాసిన నాలుగు పుటలు సంచికకే వన్నె తెచ్చాయి. ఆ రచనను ఎక్కడా కత్తిరించకుండా అచ్చు వేశాము. ఇందువల్ల పుటలు పెరిగి అచ్చు ఖర్చు పెరిగిందని కోశాధికారి అభ్యంతరం చెప్పిన మాట నిజమే. అయినా కత్తిరించకపోవడమే సరి అని నా అభిప్రాయం.

మహిళా సభ్యుల సమాచారాన్ని ఈసారి ప్రత్యేకంగా సేకరించాము. తరగతిలో ఒకరిద్దరు అమ్మాయిలు మాత్రమే ఉన్న రోజులలో చదివిన ఒక సోదరి, మార్కులలో ముందున్నప్పటికీ భూగర్భ గనిలో ఉద్యోగానికి దరఖాస్తు చేసే వీలు కూడా లేక అధ్యాపక వృత్తిలోకి వెళ్లారు. 1952 గనుల చట్టంలోని 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భంలో పనిచేయనిచ్చేది కాదు. కేంద్ర ప్రభుత్వం 2019లో ఈ నిబంధనను సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ బాధ్యతలలో ఉన్న స్త్రీలు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు వరకు భూగర్భ గనులలో పనిచేయవచ్చునని చెప్పింది. అదే సోదరి దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి నేడు గనిలోకి దిగి పనిచేస్తున్నది. గురువూ శిష్యురాలూ పక్కపక్కన నిలబడి ఉన్న ఛాయాచిత్రం సంచిక వెనుక అట్టపై ఉంది. శిష్యురాలి తలపై ఉన్న హెల్మెట్టును గురువుగారు సరిచేస్తున్న ఆ చిత్రాన్ని చూడనివారు బయట బల్లపై ఉన్న ప్రతులలో చూడగలరు.

ఉద్యోగాల విషయానికి వస్తే, పెద్ద తరం అంతా జియలాజికల్ సర్వే, బేగంపేటలోని అణు ఖనిజాల సంస్థ, ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ, చమురు తీసే ఓఎన్‌జీసీ, బొగ్గు తవ్వే సింగరేణి, భూగర్భ జలశాఖ అన్న ఆరు గడపలలో సర్దుకుపోయేది. బైలడిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస మీదుగా విశాఖ రేవుకు చేరడం వెనుకా, మంగంపేట బెరైటీసు ఖనిజం చమురు బావుల తవ్వకానికి వెళ్లడం వెనుకా, కృష్ణా–గోదావరి బేసిన్‌లో గ్యాసు బయటపడటం వెనుకా మనవారి చెమట ఉంది. నేటి తరంలో సగానికి సగం ఉపగ్రహ చిత్రాల విశ్లేషణలోకో, సాఫ్ట్‌వేరులోకో వెళ్లారు. పెర్త్‌లోని ఇనుప ఖనిజ రంగంలో ఒకరు, హ్యూస్టన్‌లోని చమురు రంగంలో ఇద్దరు, ఒమాన్‌లో ఒకరు ఉన్నారు. 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం లిథియం వంటి కీలక ఖనిజాల జాతీయ మిషన్‌కు ఆమోదం తెలిపిన తరువాత అన్వేషణ పనులకు మళ్లీ పిలుపులు వస్తున్నాయని యువ సభ్యులు చెబుతున్నారు. రాళ్లను విడిచి వెళ్లినవారు తిరిగి వస్తారని ఆశ.

పదవీ విరమణ చేసినవారిలో ఖాళీగా ఉన్నవారు తక్కువ. నల్లగొండ జిల్లాలోని తమ స్వగ్రామంలో స్థిరపడిన ఒక మిత్రుడు చుట్టుపక్కల రైతులకు బోరు పాయింట్లు ఉచితంగా చూసి పెడుతున్నారు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్లు చూపే పెద్దమనిషికే ఆ ఊరిలో నేటికీ గిరాకీ ఎక్కువని, నేలలో విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డును కొలిచి నీటి జాడ చెప్పే తన రెసిస్టివిటీ మీటరు చూపిన చోట కొబ్బరికాయ కూడా లేచి నిలబడితేనే రైతు బోరు బండికి కబురు పెడుతున్నాడని ఆయన నవ్వుతూ రాశారు. ఫ్లోరైడు ఉన్న ఆ నేలలో నీరు పడటం ఒక ఎత్తు, పడిన నీరు తాగడానికి పనికివస్తుందా అన్నది మరొక ఎత్తు. అందువల్ల ప్రతి బోరు నీటినీ పరీక్షకు పంపించే బాధ్యత కూడా ఆయనే తీసుకున్నారు.

సృజనాత్మక కృషి గురించి సభ్యులు మొహమాటపడి చెప్పలేదు గాని, విచారిస్తే చాలా బయటపడింది. ఒకరు తూర్పు కనుమల శిలల మీద ఆటవెలది పద్యాలు రాసి పెట్టుకున్నారు. ఖోండలైటు, చార్నోకైటు వంటి శిలల పేర్లు యతిప్రాసలకు లొంగుతాయని నేను అనుకోలేదు, పద్యాలు చదివాక ఒప్పుకున్నాను. మరొకరు పాఠశాల పిల్లల కోసం రాళ్లను గుర్తుపట్టే పుస్తకం తెలుగులో రాసి, అచ్చు వేసేవారు దొరకక చేతిరాతలోనే ఉంచారు. అందరికంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఒక తల్లీకూతుళ్ల పని. తల్లి మన సభ్యురాలు, శిలాశాస్త్రం బోధించి విరమించారు. కుమార్తె వస్త్రాల డిజైనరు. రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి చేసే థిన్ సెక్షన్లను మైక్రోస్కోపులో క్రాస్డ్ నికోల్స్, అంటే ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు ధ్రువణ ఫలకాల మధ్య చూస్తే కనిపించే రంగులు మీకు గుర్తుండే ఉంటాయి. తల్లి తీసిన ఆ చిత్రాల నుంచి కుమార్తె చీర అంచులను రూపొందించి చీరాలలో నేయించారు. ప్లేజియోక్లేజు చారలు అంచుగా, సిల్లిమనైటు సూదులు పల్లూగా, ఎటు తిప్పినా వెలుగును రానివ్వని గార్నెట్లు నల్లని బుటాలుగా వచ్చాయి. ఆ చీర కట్టుకుని వచ్చిన తల్లిగారు ఈ సభలోనే ఉన్నారు. పరీక్షలో ఆ ఖనిజాలను గుర్తుపట్టలేకపోయినవారు ఇప్పుడైనా గుర్తుపట్టవచ్చును.

ఇక మనం గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమం సంక్రాంతి తరువాత జరిగిన విశాఖ యాత్ర. సంచికను మనం చదివిన భూగర్భ శాస్త్ర శాఖ ఉన్న ఊరిలోనే ఆవిష్కరించాలని నిర్ణయించి, కుటుంబాలతో సహా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరాము. భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలకు తెల్లవారుజామునే చేరుకున్నాము. జియలాజికల్ సర్వే జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఈ దిబ్బలను సినిమా పాటలలో చూసినవారే ఎక్కువ. గత మంచుయుగంలో సముద్రమట్టం సుమారు 120 మీటర్లు దిగిపోయి తీరం దూరంగా జరిగినప్పుడు బయటపడిన ఇసుక ఇక్కడికి చేరిందని, అందులోని గార్నెట్ వంటి ఖనిజాల ఇనుము తుప్పుపట్టి రేణువులకు ఎర్రని పూత పెట్టిందని, ఇటువంటి ఎర్ర ఇసుక తమిళనాడు దక్షిణ తీరంలోనూ శ్రీలంకలోనూ ఉన్నదని మన సీనియర్ సభ్యుడు మనవలకు అర్థమయ్యే మాటలలో వివరించారు. ఆ వివరణ సాఫీగా సాగలేదు. ఇసుకను తెచ్చింది గాలి అని ఆయన అనగానే, వాగుల పాత్రను ఎలా కాదంటావని ఆయన సహపాఠి అడ్డుతగిలారు. ఎమ్మెస్సీ రోజులలో హాస్టలు మెట్ల మీద మొదలైన ఆ వాదం దిబ్బల మధ్య వాగులోకి దిగి, ఒక కోత గోడలోని పొరలను సుత్తి పిడితో చూపుతూ టిఫిను పొట్లాలు చల్లారేవరకు సాగింది. పిల్లలు ఇద్దరి వైపూ రెండు జట్లుగా విడిపోయారు. నా వరకు నేను గాలి పక్షం, కాని కార్యదర్శి హోదాలో అక్కడ నోరు మెదపలేదు. దిబ్బల అంచులలో కనిపించిన తవ్వకాల గుర్తులు అందరినీ బాధించాయి. వాటి సంరక్షణ కోరుతూ అక్కడే చేసిన తీర్మానం నేటి ఎజెండాలో ఉంది.

మధ్యాహ్నం ఆవిష్కరణ సభలో సి.వి. రామన్ శిష్యులైన ఆచార్య సి. మహదేవన్ గారి దగ్గర చదువుకున్న మన అత్యంత వృద్ధ సభ్యుడు సంచికను ఆవిష్కరించారు. విశాఖకు ఎదురుగా బంగాళాఖాతం అడుగున ఉన్న ఒక లోయకు తమ గురువుగారి పేరు పెట్టారని ఆయన చెప్పినప్పుడు, ఆ సంగతి ఎరుగని యువ సభ్యులే ఎక్కువగా ఉన్నారు.

యాత్ర ఇంత చక్కగా జరిగిందంటే అందుకు కొద్దిమందే కారణం. వాలంటీర్లుగా పేర్లు ఇచ్చినవారిలో సికింద్రాబాదు స్టేషనులో కనిపించినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మంది. సామాను దింపడం, పెద్దలను చేయి పట్టుకుని నడిపించడం వంటి పనులన్నీ పేర్లు ఇవ్వనివారే చేశారు. సందర్శన విషయమై ఒక కార్యాలయానికి ముందుగానే లేఖ రాసి, ఫోనులో పలుమార్లు గుర్తుచేసినా స్పందన లేదు. మేము హైదరాబాదు తిరిగి వచ్చి, ఛాయాచిత్రాలు కూడా పంచుకున్న తరువాత, దరఖాస్తు నిర్ణీత నమూనాలో లేదని తెలుపుతూ సమాధానం వచ్చింది. ఆ లేఖను ఫైలులో భద్రపరిచాము.

ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటరు సంతకంతో మీ చేతిలో ఉంది. యాత్ర ఖర్చును ఎవరిది వారే భరించారు, సంచిక ఖర్చు విరాళాలతో తీరింది, విద్యార్థి ఉపకార వేతనాల నిధిని తాకలేదు. వివరాలు కోశాధికారి చెబుతారు. చందా బకాయిల జాబితా చదివితే సభా సమయం సరిపోదు కనుక నోటీసు బోర్డుపై పెట్టాము.

సంచికకు విరాళమిచ్చిన దాతలకు, అర్ధరాత్రి వరకు ప్రూఫులు దిద్దిన సంపాదక వర్గానికి, ఒత్తులు పోకుండా అచ్చు వేసిన ప్రెస్సువారికి, విశాఖలో బస, భోజనం చూసిన స్థానిక మిత్రులకు, ఎర్రమట్టిలో చిక్కుకున్న చక్రాల కుర్చీని ఎత్తుకుని నడిచిన నేటి విద్యార్థులకు, ఈ సభామందిరాన్ని నామమాత్రపు అద్దెకు ఇచ్చిన యాజమాన్యానికి, కార్యవర్గ సమావేశాలన్నింటికీ ఉప్మా, కాఫీ సమకూర్చిన అధ్యక్షుల శ్రీమతి గారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. పేర్లన్నీ సంచికలో ఉన్నందున ఇక్కడ మరల చదవడం లేదు. ఈ సంవత్సరం మనల్ని విడిచి వెళ్లిన సభ్యుల పేర్లు తొలి పుటలో ఉన్నాయి. నివేదిక ముగిశాక వారి స్మృత్యర్థం మౌనం పాటించవలసిందిగా కోరుతున్నాను.

1926 ఏప్రిల్ 26న ఏర్పడిన మన విశ్వవిద్యాలయానికి 2026 ఏప్రిల్‌లో నూరేళ్లు నిండుతాయి. ఆ సందర్భానికి తగిన పెద్ద సంచిక తేవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. అందుకు సభ్యులు, వారి ఇంటివారు తమ రచనలను, క్యాంపు నాటి ఛాయాచిత్రాలను వినాయక చవితిలోగా పంపాలి. గడువు ఈసారి పొడిగించబడదు. ఫోన్లు చేసి రాసుకునే పనికి ఇద్దరు కొత్తవారు కావాలి. వారు ఇప్పుడే, ఈ సభలోనే లేచి పేర్లు ఇవ్వాలని, పేరు ఇచ్చినవారు పనికి కూడా రావాలని మనవి. ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి