తుపాకి కేసుకు అనుమతి ఎప్పుడిస్తారు? జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా లంకలో దొరికిన నాటు తుపాకి కేసు ఫైలు మీ బల్ల మీద ఉందో, కింది సెక్షన్ బీరువాలో ఉందో తెలియదు. స్టేషన్‌లో అడిగితే కలెక్టరేట్ వైపు చూపిస్తారు. కలెక్టరేట్‌లో అడిగితే పరిశీలనలో ఉందంటారు. సోమవారం ఇచ్చిన అర్జీకి మాత్రం, పరిష్కారమైపోయిందని ఫోనుకు సందేశం వచ్చింది. ఏం పరిష్కారమైందో సెలవిస్తే మేమూ సంతోషిస్తాం.

కోర్టులో కేసు నడపడానికి ఆయుధాల చట్టం 39వ సెక్షన్ అడిగే మీ అనుమతి కాగితం ఒక్కటే తక్కువ. ల్యాబ్ నివేదిక ఎప్పుడో వచ్చేసిందట. 60 రోజుల్లో చార్జిషీటు పడకపోయేసరికి నిందితుడికి బెయిలు హక్కుగా దక్కింది.

హత్యాయత్నం కేసులో శిక్ష అనుభవించి రాజమహేంద్రవరం జైలు నుంచి వచ్చిన మనిషి అతను. అలాంటివాళ్లు శిక్ష ముగిశాక 5 ఏళ్లదాకా తుపాకి ఉంచుకోకూడదని అదే చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ కింద కేసు కడితే మీ అనుమతితో పనే లేదని మా ప్లీడరు గారు అంటున్నారు. ఎఫ్ఐఆర్‌లో అది ఎందుకు చేరలేదో దేవుడికెరుక.

నేను ఆ కేసులో మధ్యవర్తిని, అంటే సోదాకు పోలీసులు పిలిచిన ఇద్దరు సాక్షుల్లో ఒకణ్ణి. కొబ్బరి డొక్కల గుట్ట కింద నుంచి యూరియా సంచిలో చుట్టిన తుపాకి, రెండు తూటాలు తీస్తుంటే పక్కనే నిలబడ్డాను. గుడ్డలో పెట్టి కుట్టి, లక్క ముద్ర వేసి, పైన అంటించిన చీటీ మీద మా ఇద్దరి చేత సంతకాలు పెట్టించారు. బాధ్యత గల పౌరులన్నారు. ఇప్పుడు ఈ బాధ్యత గల పౌరులు చేనికి వెళ్లాలంటే అతని వాకిలి ముందునుంచే గట్టెక్కాలి. అతను బెదిరించడు. "సంతకం బాగా కుదిరిందా మాస్టారూ" అని నవ్వుతూ పలకరిస్తాడు. దీనికి ఏ సెక్షన్ పెట్టమంటారు? రెండో మధ్యవర్తి కొబ్బరి దింపు వేరేవాళ్లకు అప్పగించి కూతురి ఊరికి వెళ్లిపోయాడు. రేపు కోర్టు పిలిస్తే వస్తాడా? నా ఇంట్లోవాళ్లు నన్ను వెళ్లనిస్తారా? అర్ధరాత్రి ఏదైనా జరిగితే పడవవాణ్ణి నిద్రలేపితే గాని పోలీసులు రేవు దాటలేరు.

అన్నట్టు, మా ఊళ్లో లైసెన్సు తుపాకి ఉన్నది ఒక్క మాజీ సైనికుడికే. ఎన్నికల కోడ్ రాగానే పరుగెత్తుకెళ్లి స్టేషన్‌లో అప్పగిస్తాడు పాపం. భయమంతా లైసెన్సు ఉన్నవాళ్లకే కాబోలు.

దయచేసి అనుమతి ఇవ్వండి. 9వ సెక్షన్ సంగతేమిటో పోలీసులను అడగండి. ఇవ్వడం కుదరదంటే ఆ మాటే రాసి సంతకం పెట్టండి. మేము ఎస్సై గారు ఒక్క కబురు చేస్తేనే వచ్చి పెట్టాం కదా. సంక్రాంతికి కోడిపందేల బరులు లేచేలోపైనా ఏదో ఒకటి తేల్చండి. ఆ మూడు రోజులూ ఇక్కడికి ఎవరెవరు వస్తారో, ఎవరి నడుముకు ఏముంటుందో మీ అధికారులకు మేము చెప్పాల్సిన పని లేదు.

ఇట్లు,
చీటీ మీద సంతకం పెట్టిన ఇద్దరిలో ఊళ్లో మిగిలినవాడు