పదహారు రంగుల్లో లైటింగ్ పాఠం ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలాచోట్ల కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబ్ ఇంకా టర్బో సి అనే పాత సి ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది. 64 బిట్ విండోస్‌లో ఆ పాత ప్రోగ్రాం నడవదు కాబట్టి పాత డాస్ ప్రోగ్రాములను నడిపే డాస్‌బాక్స్‌లో తెరిచి, టర్బో సి గ్రాఫిక్స్ ఫైళ్లుండే బీజీఐ ఫోల్డరు ఎక్కడుందో చెప్పి, 640×480 తెర మీద గీతలూ వృత్తాలూ గీయిస్తున్నారు. ఆ మోడ్‌లో ఉన్నవి 16 రంగులే. బంతి మీద వెలుగు మెల్లగా నీడలోకి జారడం వాటితో చూపించలేం. అందుకే లైటింగ్ పాఠం బోర్డు మీద సూత్రంగానే ఆగిపోతోంది.

బ్రెసెన్‌హామ్ పద్ధతిని తీసేయమనడం లేదు. దశాంశాల జోలికి పోకుండా పూర్ణాంకాలతోనే గీత గీసే ఆ ఉపాయం ప్రతి విద్యార్థికీ తెలియాలి. దానికి ఒక వారం చాలు. తర్వాత నాలుగు వారాలు ఏ గ్రాఫిక్స్ లైబ్రరీ లేకుండా త్రిభుజాన్ని నింపించాలి. పీపీఎం అనే సాదా టెక్స్ట్ బొమ్మ ఫైలులో పైన 'పీ3', వెడల్పు, ఎత్తు, రంగు గరిష్ఠ విలువగా 255 రాసి, కింద ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మోతాదులుగా మూడేసి సంఖ్యలు రాస్తే బొమ్మ వచ్చేస్తుంది. ఒకదాన్నొకటి కోసుకునే రెండు త్రిభుజాలు ఇస్తే, ఒక్కో పిక్సెల్ దగ్గర ఏది ముందుందో గుర్తుంచుకునే డెప్త్ బఫర్ ఎందుకో వాళ్లకే తెలిసొస్తుంది.

మిగతా సెమిస్టరు బ్రౌజర్‌లోనే త్రీడీ బొమ్మలు గీసే వెబ్‌జీఎల్ 2కి ఇవ్వాలి. బ్రౌజరుంటే చాలు, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొననక్కర్లేదు. ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీకి మారిన చోట కూడా 'జీఎల్‌బిగిన్' అనే పాత పద్ధతి ఆదేశం దగ్గరే ఆగడం విచారకరం. 2008లో వచ్చిన 3.0 వెర్షన్‌లోనే దాన్ని తొలగించాల్సిన వాటిలో చేర్చారు. గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రాములైన షేడర్లు రాయకుండా ఇవాళ్టి గ్రాఫిక్స్ నేర్చుకున్నట్టే కాదు.

ఇక్కడా ఇబ్బందులున్నాయి. షేడర్‌లో తప్పుంటే ప్రోగ్రాం తనంతట తాను చెప్పదు, తెర నల్లగా ఉండిపోతుంది. కాబట్టి కంపైల్ అయ్యిందో లేదో అడిగి, తప్పుల లాగ్‌ను బ్రౌజరు కన్సోల్‌లో చూపించే నాలుగు లైన్లు మొదటి రోజే రాయించాలి. బొమ్మను తిప్పడానికి, జరపడానికి వాడే సంఖ్యల పట్టిక అయిన మాట్రిక్స్‌ను నిలువు వరుసల క్రమంలో ఇవ్వాలి, అడ్డంగా ఇస్తే బొమ్మ వంకరపోతుంది, లేదా కనబడదు. కెమెరాకు ఎంత దూరం నుంచి గీయాలో చెప్పే నియర్ ప్లేన్‌ను సున్నా పెడితే డెప్త్ లెక్క చెడిపోతుంది, 0.1 పెట్టించండి. పేజీని డబుల్ క్లిక్‌తో తెరిస్తే ఆకారాల మీద అతికించే టెక్స్చర్ బొమ్మలు లోడ్ కావు. పైథాన్‌తో పాటే వచ్చే చిన్న సర్వర్‌ను ఒక్క కమాండ్‌తో నడిపితే సరిపోతుంది.

పరీక్ష మారకపోతే ఇవేవీ నిలవవు. బట్టీపట్టిన ప్రోగ్రామును మళ్లీ రాయించే బదులు, నల్లతెర చూపించే ప్రోగ్రాం ఇచ్చి తప్పెక్కడుందో పట్టుకోమనాలి. ల్యాబ్ మార్కుల్లో సగం దానికే కేటాయించాలని సిలబస్ నిర్ణయించే యూనివర్సిటీల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులను కోరుతున్నాం.

– కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులు, విజయవాడ