పిలకాయల పేజీలో గుడ్డలుతికే పనికీ కాస్త చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఉత్తరాల పేజీలో ఒక తల్లి రాసుకున్న బాధ చదివాను. పిల్లలు ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టడం లేదని, ఉతికిన గుడ్డలు మడతపెట్టమంటే ఫోన్ పట్టుకుని మూల చేరుతున్నారని, పాపమంతా ఆ ఫోన్‌దేనని ఆమె రాశారు. ఆ బాధ మా ఇంట్లోనూ ఉంది. కానీ పాపం ఫోన్‌దంటే నేను ఒప్పుకోలేను. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం వివరంగా రాయాలి. ఓపికగా చదవగలరు.

నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. ఆర్టీసీ కండక్టరును, చిత్తూరు ఎక్స్‌ప్రెస్‌లో డ్యూటీ. మా ఇంటామె నర్సు, వారం మార్చి వారం నైట్ షిఫ్టు. అందుకే పెద్దోడు పుట్టినప్పటి నుంచి ఇంట్లో గుడ్డలుతికే పని నాది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో కాలు పెట్టేదానికి సందు ఉండటం లేదు. అక్కచెల్లెళ్లు చేతిలో చిల్లర లెక్కపెట్టుకోకుండా ఎక్కుతున్నారంటే నాకు సంతోషమే. సాయంత్రం దిగేసరికి ఖాకీ చొక్కా మాత్రం పిండితే చెమట కారేట్టు ఉంటుంది. 2022లో తిరుపతి, చిత్తూరు జిల్లాలు వేరైనాయి గానీ, నా చొక్కా మీద రోజూ రెండు జిల్లాల దుమ్మూ ఉంటుంది. దానికి తోడు ఇద్దరు పిలకాయల యూనిఫారాలు, మా ఇంటామె డ్యూటీ గుడ్డలు, మా అమ్మ చీరలు. ఒక మనిషి ఒంటి చేత్తో చేసే పని కాదు. పెద్దోడు తొమ్మిదో తరగతికి వచ్చాడు, పాప ఐదో తరగతి. ఇంక వాళ్లూ చెయ్యేస్తే బాగుంటుందని మొదలుపెట్టాను.

ఒక శుక్రవారం చిత్తూరు బస్టాండు నుంచి పెద్దోడికి ఫోన్ చేసి, "బాత్రూమ్‌లో ఉండే గుడ్డలన్నీ మిషన్‌లో వేసెయ్ నాయనా" అని చెప్పాను. వాడు చెప్పిన మాట జవదాటలేదు. శనివారం వేసుకునే తెల్ల యూనిఫారం, వాళ్ల చెల్లెలి కొత్త ఎర్ర పావడ, నా ఖాకీ, అన్నీ ఒకే తొట్టిలో వేసి మూత పెట్టి తిప్పేశాడు. నేను ఇల్లు చేరేసరికి తెల్ల చొక్కా రోజ్‌మిల్క్ రంగులో దండెం మీద వేలాడుతోంది. నా జేబులో ఉండిపోయిన టికెట్ మిషన్ కాగితం చుట్ట నాని, చిరిగి, ప్రతి గుడ్డకీ బొంబాయి రవ్వ చల్లినట్టు అంటుకుంది. కేకలేయబోయాను. "అన్నీ వెయ్యమన్నావు కదా నాన్నా" అన్నాడు. వాడి మాటే న్యాయం. తెల్లవి వేరుగా వేయాలని, కొత్త ఎర్రది రంగు దిగుతుందని, జేబులు తిరగేసి చూడాలని నేను వాడికి ఏనాడూ చెప్పలేదు. నాకు చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి వాడికీ తెలిసే ఉంటుందనుకున్నాను. మరుసటి రోజు వాడు రంగు చొక్కాతో బడికి పోయి ప్రార్థనలో పక్కన నిలబడ్డాడు.

పాప సంగతి ఇంకోటి. కార్తీకంలో మా తిరుపతి వాన మీకు తెలుసు కదా, చెప్పి రాదు. చంద్రగిరి దాటుతుండగా కొండ మీద మబ్బు చూసి ఇంటికి ఫోన్ చేశాను. "పరిగెత్తి మిద్దె మీద గుడ్డలు తెచ్చెయ్ తల్లీ" అన్నాను. "తెచ్చేసినా నాన్నా" అని రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. తీరా వచ్చి చూస్తే పాప గౌన్లు రెండూ మంచం మీద చక్కగా ఆరి ఉన్నాయి. మిగతా ఇల్లంతటి గుడ్డలు మిద్దె మీద వానలో తడుస్తున్నాయి. "నా గుడ్డలు నేను తెచ్చుకున్నా కదా" అంది, ఏ తప్పూ చేయనట్టు. మూడు రోజులు ఎండ లేదు. మా అమ్మ చీరలు ముక్క వాసన పట్టి మళ్లీ నీళ్లలో పడ్డాయి.

డబ్బు ఆశ చూపిస్తే చేస్తారని ఎవరో చెబితే అదీ చూశాను. ఒక తడవ గుడ్డలు ఆరేస్తే పది రూపాయలు. పెద్దోడు మొదటి రోజు ఆరేశాడు. రెండో రోజు నుంచి చెల్లెలికి మూడు రూపాయలిచ్చి ఆరేయించి, మిగిలిన ఏడు జేబులో వేసుకున్నాడు. పాప ఆరేసే తీరు ఎలాగంటే, ఒక్కో సాక్సుకి నాలుగు క్లిప్పులు పెడుతుంది. క్లిప్పులు అయిపోయాక దుప్పట్లు ఊరికే దండెం మీద వేసి వచ్చేస్తుంది. గాలికి అవి పక్కింటి మిద్దె మీద పడేవి. ఆ బేరం నెల దాటలేదు.

ఇక మా అమ్మ. "మగబిడ్డ చేత గుడ్డలు ఉతికిస్తావంట్రా" అని మొదట్లో రోజూ సణుగుడే. నేను మగబిడ్డను కానా అమ్మా అంటే దానికి మాట్లాడదు. కానీ ఆమే ఒక రోజు కూర్చుని, మా చిన్నప్పుడు స్వర్ణముఖి ఏటికి గుడ్డల మూట ఎత్తుకుని పోయిన రోజుల గురించి పిలకాయలకు చెప్పింది. ఇసకలో చెలమ తవ్వి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, బండ మీద బాది, ఆ ఇసక మీదే ఆరేసేది. నేనూ మా అన్నా మూట మోసేవాళ్లం. నడిమధ్యాహ్నం కాలు పెడితే బొబ్బలెక్కే ఇసక మీద తడి చీర పరిచి దాని మీద నడిచేవాళ్లం. నన్ను ఎవరూ రమ్మనలేదు, పని నేర్పిస్తామని చెప్పలేదు. అక్కడ నీళ్లున్నాయి, ఆట ఉంది, అమ్మ ఏం చేస్తుందో కళ్ల ముందు ఉంది కాబట్టి పోయాను. మురికి ఎలా పోతుందో చూసి చూసి నేర్చుకున్నాను. ఆ రోజు ఆ మాట నా చెవిలో పడింది గానీ దాని లోతు నాకు గంగమ్మ జాతరప్పుడే తెలిసింది.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర అంటే కొర్లగుంటలో పిలకాయలకు పూనకమే. అమ్మవారికి మొక్కుకున్నవాళ్లు ఒళ్లంతా పూసుకుని వేషాలు కడతారు. బైరాగి వేషానికి నామసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. మా పెద్దోడు బండ వేషం కట్టి మొక్కు తీర్చుకుని వచ్చాడు. వేషం కిందికి వేసుకున్న పాత పంచె కుంకుమతో ఎర్రబారింది. పైన వేసుకుని వచ్చిన మంచి చొక్కా మీద, ఇంట్లో అమ్మవారికి పసుపునీళ్లు కలిపిన గిన్నె ఒలికింది. చొక్కా ముందు భాగంలో అరచేతి వెడల్పున పసుపు.

అదే రోజు పాప, ఎవరూ చెప్పకుండానే, అన్న చొక్కాను బకెట్లో వేసి సబ్బు బిళ్ళతో రుద్దింది. పసుపు మరక చూస్తుండగానే ఇటుక రంగులోకి తిరిగింది. "నాన్నా రక్తం!" అని ఇల్లెగిరిపోయేట్టు అరిచింది. అందరం బాత్రూమ్ గుమ్మం దగ్గరికి పరిగెత్తాం. పాప చేతులు రెండూ పైకెత్తి నిలబడి ఉంది, మోచేతుల దాకా ఎర్రటి నురగ.

పెద్దోడు చొక్కా పట్టుకుని చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఒక్కసారిగా వాడి మొహం మారిపోయింది. "ఇది ఏడో తరగతిలో ఉంది నాన్నా! ఆమ్లాలు, క్షారాలు. పసుపు సూచిక. క్షారం తగిలితే ఎరుపు. నేను పరీక్షలో రాసినా, మార్కులు కూడా వచ్చినాయి" అన్నాడు. మా అమ్మ వెనక నుంచి, "దానికి పుస్తకం ఎందుకురా? దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎట్లా చేస్తా నేను? పసుపునీళ్లలో రవ్వంత సున్నం వెయ్యడమే. కుంకుమ చేసేదీ అట్లే" అంది. వాడు వాళ్లవ్వను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. రెండేళ్ల కిందట పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతి, ప్రతి దిష్టికీ కళ్ల ముందు జరుగుతున్న సంగతి, రెండూ ఒకటేనని వాడికి ఆ క్షణందాకా తెలియదు. నాకూ తెలియదు.

ఇంక ఆ పూట అన్నం తినేదానికి ఎవరూ రాలేదు. పెద్దోడు నిమ్మకాయ కోసి మరక మీద పిండాడు, ఎరుపు పోయి మళ్లీ పసుపు వచ్చింది. పాప సబ్బు రుద్దింది, ఎరుపు. వాడు చింతపండు రసం, ఆమె బట్టల సోడా. చొక్కా ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు రంగు మారిందో లెక్క లేదు. చివరికి బాగా జాడించి, పసుపు మరక ఎండకు పోతుందని మా అమ్మ చెబితే మిద్దె మీద మరక పైకి వచ్చేట్టు పరిచారు. గంటకోసారి ఇద్దరూ ఎక్కి చూసి వచ్చారు. మే నెల తిరుపతి ఎండ గదా, మూడో రోజుకి మరక ఉండిందనేదానికి ఆనవాలు లేదు. మిద్దె ఎక్కి గుడ్డలు తెమ్మంటే కాళ్లు నొప్పులనే పిలకాయలే వీళ్లు.

అప్పుడు అర్థమైంది నాకు. మనం ఆ పనిని మూత కింద పెట్టేశాం సార్. మురికి పోవడం, రంగు దిగడం, నురగ రావడం, చూడదగ్గదంతా మిషన్‌లో మూత కింద జరిగిపోతోంది. పిలకాయలకు మిగిలింది మొయ్యడం, ఆరెయ్యడం, మడతపెట్టడం. అదీ నేను డ్యూటీ మీద నుంచి ఫోన్‌లో వేసే కేకల మీద. ఆ పని నా ముందు పెట్టినా నేనూ మూలకు పోయేవాణ్ణే.

ఆ తరవాత నేను పద్ధతి మార్చాను. మా వీధి బోరు నీళ్లకు సబ్బు బిళ్ళ నురగ రాదు, పెరుగు విరిగినట్టు తెట్టు కడుతుంది. కుళాయిలో కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్లు వచ్చినప్పుడు అదే సబ్బు పొంగుతుంది. పెద్దోడికి రెండు ఖాళీ సీసాలిచ్చాను. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో కుళాయి నీళ్లు, రెండింట్లోనూ సమానంగా సబ్బు నీళ్ల చుక్కలు వేసి కుదిపి చూశాడు. ఒకదాంట్లో నురగ జానెడు లేచింది, ఇంకోదాంట్లో బూడిద రంగు తునకలు తేలాయి. కాల్షియం, మెగ్నీషియం లవణాలని వాడే నాకు చెప్పాడు. ఇప్పుడు తెల్లవి ఏ నీళ్లలో ఉతకాలో మా ఇంట్లో నిర్ణయించేది వాడే. జేబులు చూసేది పాప. దొరికిన చిల్లర ఆమెదేనని ఒప్పందం, కాబట్టి ఒక్క జేబూ తప్పిపోదు. ప్లగ్గు దగ్గరికి మాత్రం తడి చేత్తో పోకూడదని గట్టిగా చెప్పాను, అది పెద్దోళ్ల పని.

అంతా చక్కబడిందని చెప్పను. సాక్సులు ఇప్పటికీ ఉండలు చుట్టిన మాదిరే మిషన్‌లో పడతాయి. పరీక్షల వారంలో ఇద్దరూ కనబడరు. పెద్దోడు మడతపెట్టిన చొక్కాకి ఒక చెయ్యి బయటే ఉంటుంది. దాన్ని నేను మళ్లీ విప్పి మడతపెట్టను. మా ఇంటామెకూ ఆ మాట చెప్పి పెట్టుకున్నాను.

నేను ఈ ఉత్తరం రాసే పని ఇదీ. మీ పత్రికలో వారానికోసారి పిలకాయల పేజీ వస్తుంది. కథలు, చుక్కలు కలిపే బొమ్మలు, పొడుపుకథలు, అన్నీ బాగుంటాయి, మా పాప కత్తిరించి దాచుకుంటుంది. అందులో ఒక మూల, నాలుగు వేళ్ల వెడల్పు చాలు, ఇంటి పని లోపల ఏం జరుగుతుందో రాయండి. పసుపు ఎందుకు ఎర్రబడుతుంది, కొత్త గుడ్డ రంగు ఎందుకు దిగుతుంది, గంజి పెడితే చొక్కా ఎందుకు బిరుసుగా నిలబడుతుంది, నీలిమందు వేస్తే తెలుపు ఎందుకు ఎక్కువ తెల్లగా కనబడుతుంది. అమ్మకు సాయం చెయ్యండి అని మాత్రం రాయకండి. ఆ మాట బడిలో, ఇంట్లో రోజూ వింటున్నారు. పైగా మా ఇంట్లో ఉతికేది నాన్న.

మొన్న ఆదివారం గుడ్డలు ఆరేస్తూ పాప నన్ను ఒకటి అడిగింది. తడిగా ఉన్నప్పుడు ఏ గుడ్డయినా రంగు ముదురుగా కనబడుతుంది, ఆరితే మళ్లీ లేతగా అవుతుంది, ఎందుకు నాన్నా అని. నాకు తెలియలేదు, పెద్దోడికీ తెలియలేదు, వాళ్లవ్వకూ తెలియలేదు. మీరు మొదట దాని గురించే రాయండి. వచ్చిన రోజు ఆ ముక్క కత్తిరించి మా మిషన్ మూత మీద అంటిస్తాను.

ఇట్లు,
ఒక ఆర్టీసీ కండక్టరు,
కొర్లగుంట, తిరుపతి.